కారణం: ఇసుక

గురువారం సాయంత్రం, ఎండ వంతెన దిగాక
ఒక్కొక్కరే వస్తారు సైకిళ్ళు నడిపించుకుంటూ.
ఎక్కి తొక్కే మోకాళ్ళు ఎవరికీ మిగల్లేదు,
చేతికర్రలా వాడుకుంటారంతే.
అత్బరాలో సైకిల్ లేని ముసలివాడంటే
రైల్వేలో పని చెయ్యనివాడని లెక్క.

పాత గూడ్సు షెడ్డు గోడ నీడలో నా పొయ్యి,
ముందు తాడు అల్లిన నాలుగు పీటలు.
నాలుగోది షంబూల్‌ది. అతను పోయినప్పటినుంచీ
దానిమీద తలపాగాలు పెట్టుకుంటున్నారు.
"రమ్లా, టీ" అంటాడు తైఫూర్, ఇంకా కూర్చోకుండానే.

మొదట సైరన్ మాట.
పొద్దున ఆరింటికి వర్క్‌షాపు కూసేదట,
అది విన్నాకే ఊళ్ళో కోళ్ళు నోరు విప్పేవట.
కూత ఆగిపోయి ఎన్నేళ్ళయిందో,
ఇప్పటికీ సరిగ్గా ఆరింటికే ఖలఫల్లాకి మెలకువ.
"ఎవర్రా నన్ను లేపేది?" అంటాడు.
ఎవరూ బదులివ్వరు.
నేను అల్లం దంచుతుంటాను.

తర్వాత ఎడారి.
హల్ఫా నుంచి అబూ హమద్ దాకా పది స్టేషన్లు.
పేరు పెట్టడానికి అక్కడ ఊరా, వాగా?
అంకెలు పెట్టి ఊరుకున్నారు దొరలు.
నీళ్ళు నాలుగులోనా, ఆరులోనా
అన్నది ఇన్నేళ్ళయినా తెగని పంచాయితీ.
"నాలుగువి ఉప్పునీళ్ళు, అవీ నీళ్ళేనా?" ఖలఫల్లా.
"దాహమేస్తే నువ్వే తాగావు" తైఫూర్.
ఐదు గురించి ఎవరూ తగువాడరు.
ఐదులో ఏమీ లేదు.

మొన్న ముదస్సిర్,
వాళ్ళలో చిన్నవాడు, ఇంకా సొంత పళ్ళున్నవాడు,
షెడ్డులో చెదలు తిన్న రిజిస్టర్ల సంగతి ఎత్తాడు.
నిమిషం నిమిషానికీ లెక్క రాశాం కదా,
అందులో అబద్ధమేమైనా రాశారా ఎవరైనా?

"రోజుకొకటి" అని నవ్వాడు ఖలఫల్లా.
తైఫూర్ నవ్వలేదు. ముప్పైయొక్కేళ్ళు గార్డు.
పెళ్ళిపందిట్లో కూడా వాచీ చూసుకున్నాడని పేరు.
"ఒకటి" అన్నాడు. "నలభై నిమిషాలు."

జెండా చుట్టినంత నింపాదిగా చెప్పాడు:
ఐదులో పాయింట్స్‌మన్ భార్యకి నొప్పులు.
మూడో తరగతి పెట్టెలోంచి ఒక ముసలమ్మ
ఎవరూ అడక్కుండానే కొంగు బిగించి దిగింది.
ఇంజను కడుపులోంచి బకెట్టెడు వేడినీళ్ళు పట్టారు.
డ్రైవర్ కూత వెయ్యబోతే తానే చెయ్యి పట్టుకున్నాడట.
లోపల పసిగొంతు వినబడ్డాకే
పచ్చజెండా ఊపాడట.

ఆలస్యానికి కారణం అన్న గడిలో
పురుడు అని రాస్తే ఏ ఆఫీసరు ఒప్పుకుంటాడు?
"ఇసుక అని రాశాను. పట్టాల మీద ఇసుక.
ఆడో మగో చూడనేలేదు. బండి కదిలిపోయింది."

పాలు పొంగి నిప్పు మీద పడ్డాయి.
మసి వాసన వచ్చేదాకా నాకు తెలీలేదు.

ఆ రాత్రి మా నాన్న
స్టేషన్ పుస్తకంలో కూడా అదే మాట దిద్దుకుని
అమ్మకి చదివి వినిపించాడట.
కడుపు పట్టుకుని నవ్విందట అమ్మ, కుట్లు లాగేస్తున్నా.
పేరు అప్పుడే ఖాయం చేసింది.
మా భాషలో రమ్లా అంటే ఇసుక.
పదకొండేళ్ళుగా ఈ మనిషి
ఆ పేరు పెట్టి పిలిచే టీ అడుగుతున్నాడు.

చెప్పచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.
ఇంతలో షంబూల్ పీట మీంచి తలపాగా జారింది,
ముదస్సిర్ ఎత్తి దులిపాడు,
నాలుగా ఆరా అని మళ్ళీ మొదలైపోయింది.

తైఫూర్ గ్లాసులో రెండు చెంచాలకి నాలుగు వేశాను.
ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.
"అడుగున ఏదో కరకరలాడుతోంది, రమ్లా."
"కలుపుకోండి" అన్నాను.
వాచీ ఒకసారి చూసుకుని
మెల్లగా కలపడం మొదలెట్టాడు.